కీబోర్డు తీగకూ సీపీయూకూ మధ్య తెలియని పరికరం దొరికింది: మా దుకాణంలో టైపు చేసినవన్నీ ఎవరికైనా చేరి ఉంటాయా?

ప్రశ్న: గవర్నరుపేట డీటీపీ

అందరికీ నమస్కారం. విజయవాడ గవర్నరుపేటలో పద్నాలుగేళ్లుగా డీటీపీ, జిరాక్సు దుకాణం నడుపుతున్నాను. మొత్తం ఐదు కంప్యూటర్లున్నాయి. రెండింటి మీద మా ఆపరేటర్లు శుభలేఖలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు కంపోజు చేస్తారు. మిగిలిన మూడింటిని ఉద్యోగాలకు, కౌన్సెలింగులకు దరఖాస్తులు నింపుకోవడానికి వచ్చేవారికి గంటల లెక్కన ఇస్తాం.

మొన్న ఆయుధపూజకు బొట్లు పెట్టడం కోసం సీపీయూలను బల్లల కింద నుంచి బయటికి లాగి దుమ్ము దులుపుతుంటే, బయటివారు వాడే మూడో కంప్యూటరు వెనుక కీబోర్డు తీగ నేరుగా సీపీయూలోకి వెళ్లకుండా మధ్యలో ఒక నల్లని ముక్కకు తగిలించి కనిపించింది. బొటనవేలి కణుపంత ఉంటుంది. ఒక చివర కీబోర్డు తీగ దూరే యూఎస్‌బీ రంధ్రం, మరో చివర సీపీయూలోకి గుచ్చే యూఎస్‌బీ పిన్ను ఉన్నాయి. కంపెనీ పేరు గానీ ఒక్క అక్షరం గానీ దాని మీద లేదు. శ్రావణమాసంలో ఆ కీబోర్డు పాడైతే కొత్తది తెచ్చి నా చేతులతో నేనే నేరుగా సీపీయూకు గుచ్చాను కాబట్టి, ఆ తర్వాతే ఎవరో దీన్ని పెట్టారన్నది మాత్రం ఖాయం.

కీబోర్డు మీద నొక్కే ప్రతి అక్షరాన్నీ దొంగచాటుగా రాసుకునే కీలాగర్లు ఉంటాయని విన్నాను గానీ, అవి ఎలా పనిచేస్తాయో నాకు తెలియదు. మా యాంటీవైరస్ ఇన్నాళ్లూ ఒక్క హెచ్చరికా ఇవ్వలేదు. నెలాఖరు రద్దీలో నేనే రెండుసార్లు ఆ కంప్యూటరు మీద కూర్చుని జీఎస్టీ రిటర్ను వేశాను, ఒకసారి బ్యాంకు ఖాతా కూడా తెరిచాను. నా సంగతి అలా ఉంచితే, నన్ను నమ్మి వచ్చి పాస్‌వర్డులు కొట్టిన పిల్లల మాటేమిటని రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదు. ఇది నిజంగా అదేనా, అయితే ఇందులో ఏమేమి చిక్కి ఉంటాయి, మిగిలిన కంప్యూటర్ల సంగతి ఎలా తేల్చుకోవాలి, ఇప్పుడు నేను ఏం చేయాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: కంప్యూటర్ సర్వీసు, గుంటూరు

అన్నా, ముందుగా ఒక్క విషయం చూసుకోండి. పాత కీబోర్డులకు గుండ్రటి పిన్ను ఉండేది. దాన్ని యూఎస్‌బీ రంధ్రంలో పెట్టడానికి, లేదా యూఎస్‌బీ కీబోర్డును పాత గుండ్రటి రంధ్రంలో పెట్టడానికి మధ్యలో ఒక కన్వర్టరు వాడేవాళ్లం. అది తప్పేమీ కాదు. మీ వర్ణనలో మాత్రం రెండు వైపులా చదునైన యూఎస్‌బీయే ఉంది. కీబోర్డు తీగ చివర యూఎస్‌బీ, సీపీయూ రంధ్రమూ యూఎస్‌బీ అయినప్పుడు మధ్యలో ఏ ముక్కా అవసరం లేదు. తీగ పొట్టిగా ఉంటే పొడిగించుకోవడానికి ఎవరైనా పెడతారు, కానీ పొడిగించేది తీగ రూపంలో ఉంటుంది, కణుపంత ముక్కతో ఏ తీగా పొడవు పెరగదు. కాబట్టి మీ అనుమానం సరైనదే అనుకుంటున్నాను.

మిగిలిన నాలుగింటినీ ఇలాగే వెనక్కి తిప్పి చూడండి. కీబోర్డులను కూడా విప్పించండి, ఎందుకంటే ఇలాంటి చిన్న బోర్డునే కీబోర్డు లోపల తీగకు అతికించి మళ్లీ మరలు బిగించే రకం ఉంది, అది బయటికి కనబడదు. విప్పితే కీల కింది పలచటి షీట్లు, ఒక చిన్న కంట్రోలరు బోర్డు, దాని నుంచి బయటికి వెళ్లే తీగ ఉండాలి. ఆ తీగ దారిలో టేపు చుట్టిన మరో ముక్క ఉంటే అనుమానించాల్సిందే. వైర్‌లెస్ కీబోర్డు ఏదైనా వాడుతుంటే అది పక్కన పెట్టండి. చవకరకం వైర్‌లెస్ కీబోర్డులు కొన్ని అక్షరాలను ఏ మరుగూ లేకుండా గాలిలోకి వదులుతాయనీ, దాదాపు 250 అడుగుల దూరం నుంచి వాటిని పట్టుకోవచ్చనీ 2016లోనే పరిశోధకులు చేసి చూపించారు.

ఆ ముక్కను మాత్రం లోపల ఏముందో చూద్దామని ఇంకో కంప్యూటరుకు గుచ్చకండి.

జవాబు: నెట్‌వర్క్ పాఠాలు, బ్రాడీపేట

డీటీపీ గారూ, మీ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, వేలు కీని తాకిన క్షణం నుంచి అక్షరం తెర మీద కనిపించేదాకా మధ్యలో ఏం జరుగుతుందో ముందు చూడాలి. ఆ దారి తెలిస్తే దొంగ ఎక్కడెక్కడ కూర్చోగలడో మీకే అర్థమవుతుంది.

కీబోర్డులో అక్షరాలు ఉండవు. అడ్డ వరుసలుగా, నిలువు వరుసలుగా తీగల వల ఉంటుంది. మీరు కీ నొక్కినప్పుడు ఒక అడ్డ తీగ ఒక నిలువు తీగకు తగులుతుంది. లోపలి చిప్పు ఆ వలను సెకనుకు వందల సార్లు తడిమి చూస్తూ, ఎక్కడ తగిలిందో గుర్తించి, ఆ కీకి కేటాయించిన అంకెను కంప్యూటరుకు పంపుతుంది. మామూలు యూఎస్‌బీ కీబోర్డు ఒక్కోసారి పంపే సమాచారం 8 బైట్లు మాత్రమే. మొదటి బైటు షిఫ్ట్, కంట్రోల్ లాంటివి నొక్కి ఉన్నాయో లేదో చెబుతుంది, రెండోది ఖాళీ, మిగిలిన ఆరూ ఆ క్షణాన నొక్కి ఉన్న కీల అంకెలు. ఏ కీకి ఏ అంకె అన్నది ప్రపంచమంతటికీ ఒకటే పట్టిక, అందులో రహస్యమేమీ లేదు. మీకు దొరికిన ముక్క చేసే పని ఇంతే: తన ముందు నుంచి వెళ్లే ఆ 8 బైట్లను చదివి, తన మెమరీలో రాసుకుని, యథాతథంగా ముందుకు పంపుతుంది. దానికి కావలసిన కరెంటు కూడా అదే యూఎస్‌బీ నుంచి తీసుకుంటుంది. కంప్యూటరుకు మాత్రం ఎప్పటి కీబోర్డే కనిపిస్తుంది. యాంటీవైరస్ వెతికేది కంప్యూటరు లోపలి ఫైళ్లను, నడుస్తున్న ప్రోగ్రాములను కాబట్టి, బయట తీగ మీద కూర్చున్నదాన్ని అది పట్టుకోలేదు. మీ యాంటీవైరస్‌లో లోపమేమీ లేదు.

పెట్టినవాడు దాన్ని తిరిగి ఎలా చదువుకుంటాడని అనుమానం వస్తుంది. చాలావాటిలో మూడు కీలు కలిపి ఒకేసారి నొక్కితే ఆ ముక్క పెన్‌డ్రైవు లాగా తెరుచుకుని, లోపల రాసుకున్నదంతా ఒక ఫైలుగా చూపిస్తుంది. అంటే అతను మామూలు ఖాతాదారులా మళ్లీ వచ్చి, ఓ అరగంటకు డబ్బు కట్టి, అదే సీటులో కూర్చుని తీసుకెళ్లగలడు. వైఫై ఉన్న రకమైతే కూర్చోనక్కర కూడా లేదు, బయట మెట్ల మీద ఫోను పట్టుకుని నిలబడితే చాలు.

తెలుగులో టైపు చేసింది దానికి అర్థం కాదేమోనని మీ ఆపరేటర్లు అనుకోవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ (విండోస్‌లో ఉండే తెలుగు కీల అమరిక) పద్ధతిలో ‘తెలుగు’ అని కొట్టడానికి ఎల్, జెడ్, ఎన్, జీ, ఐ, జీ అనే ఆరు కీలు నొక్కుతాం. ఆ ముక్కలో పడేది ఆ ఆరే. చూడటానికి పిచ్చిరాతలా ఉంటుంది గానీ, లేఅవుటు పట్టిక పక్కన పెట్టుకున్నవాడు నిమిషంలో చదివేస్తాడు.

ఈ విద్య కంప్యూటర్లతో పుట్టింది కాదు. 1984లో మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయం నుంచి యంత్ర పరికరాలన్నిటినీ స్వదేశానికి తరలించి ఎక్స్‌రే తీసి చూసినప్పుడు, ఐబీఎం ఎలక్ట్రిక్ టైపురైటర్ల లోపలి లోహపు కడ్డీలో దాచిన పరికరాలు బయటపడ్డాయి. మాస్కో, లెనిన్‌గ్రాడ్ కార్యాలయాలు రెండింటిలో కలిపి మొత్తం 16 టైపురైటర్లలో అవి దొరికాయి. ఆ టైపురైటర్లలో అక్షరాలన్నీ ఒక బంతి మీద ఉంటాయి; దాన్ని తిప్పే మీటలు కదిలినప్పుడు కలిగే అయస్కాంత మార్పును బట్టి ఏ అక్షరం పడిందో గ్రహించి, రేడియో ద్వారా బయటికి పంపేవి. రాయబారుల మధ్య సాగే రహస్య లేఖలను సంకేతభాషలోకి మార్చకముందే, టైపు చేస్తుండగానే అవతలివారు చదివారన్నమాట. మన బ్యాంకు సైటు తాళం గుర్తు చూపించినా కీలాగర్ ముందు అది నిలవకపోవడానికి కారణం కూడా ఇదే. ఆ తాళం కాపాడేది బ్రౌజరు నుంచి బ్యాంకు దాకా ఉన్న దారిని. వేలి నుంచి బ్రౌజరు దాకా ఉన్న దారి దాని పరిధిలోకి రాదు.

ఇక రెండో రకం సాఫ్ట్‌వేర్ కీలాగరు. నిజం చెప్పాలంటే మీ వృత్తిలో నేను ఎక్కువ భయపడేది దీనికే. కీ అంకె కంప్యూటరులోకి వచ్చాక విండోస్ దాన్ని అందుకుని, ఏ ప్రోగ్రాము ముందు తెరిచి ఉందో దానికి అందిస్తుంది. ఈ అందింపు మధ్యలో ‘నేనూ ఒకసారి చూస్తాను’ అని ఏ ప్రోగ్రామైనా అడిగే వెసులుబాటును విండోస్ ఉద్దేశపూర్వకంగానే ఇచ్చింది. దానికి హుక్ అని పేరు. తెలుగు టైపింగు సాఫ్ట్‌వేరులో చాలాభాగం బతికేది ఇలాంటి వెసులుబాటు మీదే. మీరు ఇంగ్లీషు కీ నొక్కగానే మధ్యలో అందుకుని, మీరు పెట్టుకున్న కీల అమరిక ఆపిలో రోలర్సో చూసుకుని, తెలుగు అక్షరంగా మార్చి, పేజీలు కూర్చే పేజ్‌మేకరు ప్రోగ్రాముకు ఇస్తుంది. కీలాగరూ అదే చోట కూర్చుంటుంది. ఒకటి మార్చి ఇస్తుంది, మరొకటి రాసుకుని దొంగకు పంపుతుంది. పైకి చూస్తే రెండింటి ప్రవర్తనా ఒకేలా ఉంటుంది కాబట్టి, పెన్‌డ్రైవులో ఎవరో ఇచ్చిన క్రాకు చేసిన తెలుగు సాఫ్ట్‌వేరు ‘ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపండి’ అన్నప్పుడు మన ఆపరేటర్లు అది మామూలే అనుకుని ఆపేస్తారు. ఆ క్షణంలో లోపలికి ఏం వచ్చిందో చెప్పగలిగినవాడు ఎవడూ ఉండడు. దయచేసి ఆ సాఫ్ట్‌వేరుకు డబ్బు పెట్టి కొనండి, లేదా విండోస్‌లోనే ఉన్న తెలుగు కీబోర్డుతో యూనికోడ్‌లో పని అలవాటు చేసుకోండి.

దురుద్దేశం లేకుండా కూడా ఇది జరగవచ్చు. 2017లో కొన్ని హెచ్‌పీ ల్యాప్‌టాపుల్లో, మైకు ఆపే కీ నొక్కారో లేదో చూడటానికి రాసిన ఆడియో డ్రైవరు, నొక్కిన ప్రతి కీనీ అందరూ చదవగలిగే ఒక మామూలు ఫైలులో రాస్తోందని స్విట్జర్లాండ్ పరిశోధకులు బయటపెట్టారు. ఆ తర్వాత కంపెనీ దాన్ని సరిచేసింది.

రక్షణ సంగతికొస్తే, ఏ ఉపాయం ఏ దొంగకు పనిచేస్తుందో విడివిడిగా చూడాలి. బ్యాంకు సైట్లలో మౌసుతో నొక్కే తెరమీది కీబోర్డు మీకు దొరికిన ముక్కను పూర్తిగా గుడ్డిదాన్ని చేస్తుంది, ఎందుకంటే తీగలో ఏ కీ అంకే ప్రయాణించదు. కానీ సాఫ్ట్‌వేరు కీలాగరు మౌసు నొక్కిన ప్రతిసారీ తెర ఫొటో తీయగలదు, లేదా మీరు నింపిన ఫారాన్ని బ్రౌజరు పంపబోయే క్షణంలో మొత్తంగా ఎత్తుకోగలదు. 2007లో బయటపడ్డ జ్యూస్ అనే ట్రోజను (మంచి ప్రోగ్రాములా నటిస్తూ లోపలికి దూరే దొంగ ప్రోగ్రాము) బ్యాంకు ఖాతాలను కొల్లగొట్టింది ఈ రెండో పద్ధతిలోనే. కాపీ చేసి పేస్టు చేయడమూ అంతే, తీగ మీది దొంగకు చిక్కదు గానీ లోపలి దొంగ క్లిప్‌బోర్డు, అంటే కాపీ చేసింది తాత్కాలికంగా ఉండే చోటు, కూడా చదువుతాడు. ఓటీపీ కొంత మేలు. పాస్‌వర్డు పోయినా, రేపు దానితో లోపలికి వెళ్లాలంటే కొత్త ఓటీపీ కావాలి. అన్నిటికంటే గట్టిది పాస్‌కీ, అంటే పాస్‌వర్డుకు బదులు మన ఫోనులో దాగి ఉండే డిజిటల్ తాళంచెవి: అందులో పాస్‌వర్డు టైపు చేసేదే ఉండదు, పైగా అది అసలు సైటుకు తప్ప నకిలీ సైటుకు జవాబివ్వదు. ఈమెయిలు ఖాతాకు ముందు దాన్ని పెట్టుకోండి. ఈమెయిలు చేతికి చిక్కితే మిగిలిన ఖాతాల పాస్‌వర్డులన్నీ అక్కడి నుంచే మార్చుకోవచ్చు కదా.

మీ ఐదు కంప్యూటర్లలో ఏది దేనికన్నది ఈ రోజే విడదీయండి. డబ్బు, జీఎస్టీ వ్యవహారాలకు ఒక్కటి కేటాయించి, దాంట్లో ఎవరి పెన్‌డ్రైవూ పెట్టనివ్వకండి. విండోస్ 7 ఇంకా నడుపుతుంటే అది వెంటనే మార్చాలి, 2020 జనవరి 14తోనే దానికి భద్రతా సవరణలు ఆగిపోయాయి. విండోస్ 10కీ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. ఆ మూడో కంప్యూటరును స్కాన్ చేసి ‘ఏమీ లేదు’ అన్న మాట నమ్మేకంటే డిస్కు పూర్తిగా తుడిచి విండోస్ కొత్తగా వేయడం మేలు. అయితే ఆ పని పోలీసులను అడిగాకే చేయండి.

జవాబు: న్యాయవాది, గుంటూరు

ఆఖరి వాక్యం దగ్గర నుంచి నేను అందుకుంటాను. మీరు ఇక్కడ బాధితులు, సాక్షి కూడా. ఆ ముక్కను ఇప్పటికే తీసి ఉంటే కాగితపు కవరులో పెట్టి, దొరికిన తేదీ, సమయం, ఎవరెవరి సమక్షంలో దొరికిందో కవరు మీద రాసి సంతకాలు చేయించండి. తీయకపోతే ముందు ఉన్నచోటే ఫొటోలు తీయండి. దుకాణంలో సీసీ కెమెరా ఉంటే ఈ రోజే రికార్డింగు భద్రపరచండి, చాలా పెట్టెల్లో కొన్ని వారాలకే పాతదాని మీద కొత్తది పడిపోతుంది. తర్వాత సైబర్ నేరాల పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. సమాచార సాంకేతిక చట్టంలోని 43, 66 సెక్షన్లు అనుమతి లేకుండా కంప్యూటరు నుంచి సమాచారం లాగడాన్ని నేరంగా చెబుతున్నాయి, శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. దొంగిలించిన పాస్‌వర్డు వాడితే 66సీ కూడా వర్తిస్తుంది.

మీరు బయటివారికి ఇంటర్నెట్ ఇస్తున్నారు కాబట్టి 2011 నాటి సైబర్ కెఫే నిబంధనల ప్రకారం ఎవరు, ఏ కంప్యూటరు మీద, ఎప్పుడు కూర్చున్నారో రిజిస్టరు రాసి కనీసం ఏడాది ఉంచాలి. చాలామంది దాన్ని భారంగా భావిస్తారు. ఈ రోజు మీకు ఆ పిల్లల ఫోను నంబర్లు దొరికేది అందులోనే. పేరు చెడుతుందేమోనని వెనకాడకుండా ఒక్కొక్కరికీ ఫోను చేసి చెప్పండి. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా మూడోవారి వల్ల జరిగిన మోసాన్ని, బ్యాంకు సందేశం అందిన మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే ఖాతాదారు మీద ఏ భారమూ పడదు. ఏడు పనిదినాల దాకా ఆలస్యమైతే కొంత భరించాల్సి వస్తుంది. అంటే మీరు ఆలస్యం చేసే ఒక్కో రోజూ వారి ఖాతాలోంచి పోతుంది. ఎవరికైనా డబ్బు ఇప్పటికే పోయి ఉంటే బ్యాంకుతో పాటు సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి వెంటనే ఫోను చేయమనండి.

గవర్నరుపేట డీటీపీ

మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న ఫిర్యాదు ఇచ్చాను, ముక్కనూ సీపీయూనూ స్వాధీనం చేసుకున్నారు. నా పాస్‌వర్డులన్నీ ఇంట్లో ఫోను నుంచి మార్చుకున్నాను. శ్రావణం నుంచి దసరా దాకా రిజిస్టరు తిరగేస్తే ఆ కంప్యూటరు వాడినవారు 63 మంది తేలారు. రాత్రి పదింటి దాకా ఫోన్లు చేస్తే 51 మంది దొరికారు. ఒకమ్మాయి మాత్రం ‘అంకుల్, నెల క్రితం నా మెయిలు పాస్‌వర్డు ఎవరో మార్చేశారు, నేనే మర్చిపోయాననుకున్నాను’ అంది. ఆ మాట విన్నాక ఇంకెవరికీ ఫోను చేయలేక కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ వివరం పోలీసులకు రాసిచ్చాను.

చాలామంది ‘ఇకమీద ఫోనులోనే చేసుకుంటాం’ అంటున్నారు. ఫోనులో ఈ భయం లేదా?

నెట్‌వర్క్ పాఠాలు, బ్రాడీపేట

తీగ లేదు కాబట్టి మధ్యలో ముక్క పెట్టేవాడు ఉండడు గానీ, దారి మాత్రం అక్కడా ఉంది. ఫోనులో కీబోర్డు కూడా ఒక యాపే. తెలుగు టైపింగు కోసమో, రంగురంగుల బొమ్మల కోసమో వేరే కీబోర్డు యాపు వేసుకున్నప్పుడు, మీరు టైపు చేసేదంతా ఇది సేకరించగలదని, పాస్‌వర్డులతో సహా, ఆండ్రాయిడ్ హెచ్చరిక చూపిస్తుంది. చదవకుండా సరే అనేస్తాం. ఐఫోను పాస్‌వర్డు గడి దగ్గరకు రాగానే బయటి కీబోర్డును పక్కకు తప్పించి తన సొంత కీబోర్డునే చూపిస్తుంది.

ఇంతకంటే ప్రమాదం వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో వచ్చే ఏపీకే ఫైళ్లది, అంటే తెరిస్తే ఫోనులో యాపును ఎక్కించే ఫైళ్లది. శుభలేఖలు అచ్చువేసే మీ దుకాణం ఖాతాదారులకు ఇది తప్పకుండా చెప్పండి: శుభలేఖ బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, ఏపీకేగా రాదు. వాటిని వేసుకున్నాక యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి. చూపు లేనివారికి తెర మీది అక్షరాలను చదివి వినిపించడం కోసం పెట్టిన సదుపాయమది. ఆ అనుమతి దక్కిన యాపు తెర మీద ఉన్నదంతా చదవగలదు, మనం టైపు చేసేదీ చూడగలదు, మన బదులు బటన్లు కూడా నొక్కగలదు. ఎస్సెమ్మెస్ అనుమతి కూడా ఇచ్చేస్తే ఓటీపీ కూడా వాళ్ల చేతికే చేరుతుంది. ఫోను సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ తెరిచి, అక్కడ మీరు ఎరగని పేరేదైనా ఆన్‌లో ఉంటే ఆపి, ఆ యాపును తీసేయమనండి. అలాంటిది కనిపించినవారు పాస్‌వర్డులు మార్చుకునేది ఇంకో ఫోను నుంచే.

గవర్నరుపేట డీటీపీ

మిగిలిన 12 మందిలో 9 మందికి ఈ ఉదయం చెప్పేశాను. ముగ్గురి నంబర్లు పనిచేయడం లేదు, రిజిస్టరులో చిరునామాలు ఉన్నాయి కాబట్టి మా అబ్బాయిని పంపిస్తున్నాను. కీబోర్డులన్నీ సర్వీసు తమ్ముడు చెప్పినట్టు విప్పించి చూశాం, వాటిలో ఏమీ లేవు. సీపీయూలను బల్లల కింద నుంచి పైకి ఎక్కించి, వెనుక భాగం కూర్చున్నవారికి కనిపించేలా తిప్పిపెట్టాం. ఎవరు వచ్చి కూర్చున్నా, కంప్యూటరు ఆన్ చేసేముందు కీబోర్డు తీగ ఎక్కడ గుచ్చి ఉందో వాళ్లకు చూపించే పని ఇక నాది.